పీఎస్5 స్లిమ్ రివ్యూ: ఇప్పుడే తెచ్చుకోవాలా, పీఎస్6 దాకా ఆగాలా?

మారతహళ్లి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ... బెంగళూరులో తెలుగువాళ్లు నలుగురు కలిసి అద్దెకుండే ఏ ఫ్లాట్‌లోనైనా గేమింగ్ కన్సోల్ మాట వచ్చిందంటే ఇప్పుడు తేలేది ఒకటే ప్రశ్న. సోనీ ప్లేస్టేషన్‌లో కొత్త తరం, పీఎస్6, వచ్చేస్తోందంటున్నారు కదా, యాభై వేలు పోసి ఇప్పుడు పీఎస్5 స్లిమ్ (ఇప్పటి ప్లేస్టేషన్ 5లో ఒళ్లు తగ్గించిన మోడల్) తెచ్చుకుంటే ఆ డబ్బు బూడిదలో పోసినట్టేనా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. ఇది రాసే నాటికి సోనీ ఆ పేరుతో ఒక పెట్టె చూపించలేదు, ధర చెప్పలేదు, తేదీ అసలే చెప్పలేదు.

అయినా తేదీని లెక్కగట్టడం మరీ అసాధ్యమేం కాదు. పుకార్లతో పని లేదు. పాత విడుదల తేదీలు, మెమరీ చిప్‌ల మార్కెట్టు, మన దేశంలో అనుమతుల తంతు, ఈ మూడూ తెలిస్తే చాలు. స్లిమ్‌ని ఆ లెక్క పక్కన పెట్టి తూచి రాసిన రివ్యూ ఇది. తీర్పు ముందే చెప్పేస్తున్నాం: డిస్క్ డ్రైవ్ ఉన్న స్లిమ్ ఇప్పుడు కొనొచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కొత్తది ఇప్పుడు వద్దు. నింటెండో వాళ్ల స్విచ్ 2 కొనేవాళ్లు మాత్రం పెట్టె మీద రాసింది ఒకటికి రెండుసార్లు చదవాలి.

తేదీ ఎక్కడ పడుతుంది

మొదటి ప్లేస్టేషన్ జపాన్‌లో 1994 డిసెంబర్ 3న వచ్చింది. పీఎస్2 అక్కడే 2000 మార్చి 4న, పీఎస్3 2006 నవంబర్ 11న. పీఎస్4 అమెరికాలో 2013 నవంబర్ 15న, పీఎస్5 2020 నవంబర్ 12న వచ్చాయి. ఎడం చూడండి: అయిదేళ్ల మూడు నెలలు, ఆరేళ్ల ఎనిమిది నెలలు, ఏడేళ్లు, మళ్లీ ఏడేళ్లు. పెరుగుతూ పెరుగుతూ వచ్చి ఏడు దగ్గర నిలిచింది. తగ్గిన దాఖలా ఒక్కటీ లేదు. కాబట్టి పీఎస్5కి ఏడేళ్లు కలిపితే వచ్చే 2027 నవంబర్‌ను "వచ్చే తేదీ" అనుకోకూడదు, "అంతకంటే ముందు రాదు" అనుకోవాలి.

ఇంకో కొలత ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. తరం మధ్యలో దించే ఇంకాస్త బలమైన మోడల్‌ని ప్రో అంటారు. పీఎస్4 ప్రో 2016 నవంబర్ 10న వచ్చింది, ఆ తర్వాత సరిగ్గా నాలుగేళ్లకు పీఎస్5. ఈసారి పీఎస్5 ప్రో 2024 నవంబర్ 7న వచ్చింది. అంటే పీఎస్4కి మూడో ఏట వచ్చిన ప్రో, పీఎస్5కి నాలుగో ఏట వచ్చింది. అంత ఖరీదైన పెట్టెను మూడేళ్లకే పాతది చేసేస్తే దాన్ని కొన్నవాడు ఊరుకోడు, సోనీకి కూడా గిట్టుబాటు కాదు. నాలుగు కలిపితే 2028 నవంబర్. మాకు ఈ రెండో కొలత మీదే నమ్మకం ఎక్కువ.

కాగితాల సంగతికొస్తే, అమెరికాలో మైక్రోసాఫ్ట్ మీద నడిచిన కేసులో 2023 సెప్టెంబర్‌లో బయటపడ్డ అంతర్గత పత్రాల్లో తర్వాతి తరం ఎక్స్‌బాక్స్‌కి 2028 అని రాసి ఉంది. తర్వాత వాళ్ల ఆలోచన మారినట్టుంది. ఆ ఎక్స్‌బాక్స్‌కి చిప్ తయారు చేస్తున్న ఏఎండీ కంపెనీ అధిపతి లిసా సు 2026 ఫిబ్రవరిలో, ఆ పని 2027 విడుదలకు సరిపోయేలా నడుస్తోందని చెప్పారు. సోనీ వైపు నుంచి పీఎస్5 రూపశిల్పి మార్క్ సెర్నీ 2025 అక్టోబర్‌లో ఏఎండీ మనిషితో కలిసి ఒక వీడియోలో కూర్చుని, కొత్త గ్రాఫిక్స్ పద్ధతుల గురించి మాట్లాడి, అవి కొన్నేళ్లలో రాబోయే కన్సోల్‌లో ఉంటాయన్నారు. "కొన్నేళ్లు" అన్న మాట గమనించాలి. ఏడాదిలో తెచ్చేవాళ్లు అలా మాట్లాడరు.

ఇక మెమరీ. అసలు కథ ఇక్కడుంది. పీఎస్4లో 8 జీబీ, పీఎస్5లో 16 జీబీ మెమరీ. తర్వాతి పెట్టెలో మళ్లీ రెండింతలు చేయాలంటే 32 జీబీ పెట్టాలి, కక్కుర్తి పడినా 24కి తగ్గదు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు ఆకాశానికెక్కాయి. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన ఖరీదైన మెమరీ చేయడానికి ఫ్యాక్టరీలు సామర్థ్యం మళ్లించాయి, మామూలు మెమరీకి కరువొచ్చింది. మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో తన క్రూషియల్ బ్రాండ్ రిటైల్ వ్యాపారమే మూసేస్తున్నామని ప్రకటించింది. కన్సోల్‌ని లాభానికి అమ్మరు, అటూ ఇటూగా అసలుకే అమ్మి, ఆటల మీద సంపాదిస్తారు. మెమరీ బిల్లు ఇలా ఉండగా కొత్త పెట్టె దించితే ఒక్కో దాని మీద నష్టం మోయాలి, లేదా ధర విని జనం పారిపోయేంత పెట్టాలి. రెండూ చేయకుండా ఆగడమే సోనీకి తేలిక. పైగా 2025 సెప్టెంబర్ చివరికి పీఎస్5లు 8.42 కోట్లు షాపులకు వెళ్లాయి. తొందరపడాల్సిన అవసరం వాళ్లకేముంది?

కాబట్టి మా అంచనా: కొత్త ఎక్స్‌బాక్స్ 2027 చివర్లో, పీఎస్6 2028 నవంబర్ ప్రాంతంలో. సోనీ 2027లోనే దించితే ఆశ్చర్యపోతాం గానీ నోరెళ్లబెట్టం. 2029 అయినా అంతే.

ఈ అంచనా తప్పుతోందో లేదో ముందే పట్టుకునే మార్గం ఒకటుంది. పీఎస్5 గురించి సెర్నీ మొదటిసారి నోరు విప్పింది 2019 ఏప్రిల్‌లో, షాపుకొచ్చింది 2020 నవంబర్‌లో. పందొమ్మిది నెలలు. ఇప్పటి ఎక్స్‌బాక్స్ మాట బయటికొచ్చింది 2019 జూన్‌లో, పదిహేడు నెలలకు పెట్టె వచ్చింది. పీఎస్4 అయితే 2013 ఫిబ్రవరిలో ప్రకటించి నవంబర్‌కల్లా అమ్మారు, తొమ్మిది నెలలు. నింటెండో మరీ చివరి నిమిషం దాకా దాస్తుంది: స్విచ్ 2ని 2025 జనవరి 16న చూపించి జూన్ 5న అమ్మింది. సోనీ విషయానికొస్తే కనిష్ఠం తొమ్మిది నెలలు. ఏ ఏడాదైనా ఉగాదికల్లా సోనీ అధికారికంగా నోరు విప్పకపోతే ఆ ఏడాది నవంబర్ మీద ఆశ వదిలేసుకోవచ్చు. రోజూ యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు చూసి గుండె దడ పెంచుకోవడం కంటే ఇది నయం.

అక్కడ వచ్చిన రోజు ఇక్కడ రాదు

పై తేదీలన్నీ బయటి దేశాలవి. మనకు వేరే క్యాలెండర్. ఎక్స్‌బాక్స్ 360 అమెరికాలో 2005 నవంబర్ 22న వస్తే ఇండియాలో 2006 సెప్టెంబర్‌లో. ఎక్స్‌బాక్స్ వన్ కూడా అంతే, పది నెలలు ఆలస్యం. పీఎస్4 త్వరగానే వచ్చింది, 2014 జనవరి 6న. పీఎస్5 2021 ఫిబ్రవరి 2న, అంటే 82 రోజుల తర్వాత. అదీ ప్రీ-ఆర్డర్ తెరిచిన నిమిషాల్లో అయిపోయింది, ఆ తర్వాత చాలాకాలం పాటు విడత విడతగానే దొరికింది. స్లిమ్ అమెరికాలో 2023 నవంబర్‌లో వస్తే మనకు 2024 ఏప్రిల్ 5న. అదే రోజు ఇక్కడా దిగిన ఒకే ఒక్క పెద్ద కన్సోల్ ఇప్పటి ఎక్స్‌బాక్స్ సిరీస్ జంట, 2020 నవంబర్ 10న.

పీఎస్5 ప్రో కథ ఇంకా విచిత్రం. ప్రపంచమంతా అమ్మిన 2024లో ఇండియాలో విడుదల చేయలేదు. అందులోని వై-ఫై 7 రేడియో 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడుతుంది, ఆ బ్యాండ్‌కి అప్పటికి ఇక్కడ అనుమతి లేదు. ఆ బ్యాండ్ కింది భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనివ్వడానికి టెలికాం శాఖ ముసాయిదా నిబంధనలు 2025 మేలో గానీ బయటపెట్టలేదు. తర్వాతి తరం పెట్టెల్లో ఇలాంటి రేడియోలే ఉంటాయి కాబట్టి ఈ పాఠం గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడ అమ్మాలంటే వీడియో గేమ్ పెట్టెకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ కావాలి, వైర్‌లెస్ భాగానికి డబ్ల్యూపీసీ (టెలికాం శాఖలో రేడియో అనుమతుల విభాగం) నుంచి పరికరం ఆమోదం కావాలి. పీఎస్6 ఇండియా తేదీ తెలుసుకోవాలనుకునేవాళ్లు పుకార్ల ఛానెళ్ల కంటే ఈ రెండింటి మీద కన్నేయడం మేలు. 2028 నవంబర్ అన్న మా అంచనా నిజమైనా, మల్లేశ్వరంలోనో జయనగర్‌లోనో షాపులోకి నడిచివెళ్లి ఎమ్మార్పీకి పెట్టె తీసుకుని బయటికి రావడం 2029 వేసవికి ముందు జరుగుతుందనుకోం.

స్లిమ్ ఎలా ఉంది

పనితనంలో 2020 పీఎస్5కీ దీనికీ తేడా లేదు. అదే ఎనిమిది కోర్ల జెన్ 2 ప్రాసెసర్, అదే 10.28 టెరాఫ్లాప్స్ గ్రాఫిక్స్, అదే 16 జీబీ మెమరీ. మారింది ఒళ్లు. మొదటి మోడల్ నాలుగున్నర కిలోలు, డిస్క్ ఉన్న స్లిమ్ 3.2 కిలోలు. నిల్వ 825 జీబీ నుంచి 1 టీబీకి పెరిగింది, వాడుకోవడానికి దక్కేది సుమారు 840 జీబీ. ఇప్పటి పెద్ద ఆటలు కొన్ని ఒక్కోటి 150 జీబీ తింటాయి, అయిదారు పడగానే నిండిపోతుంది.

ముందు వైపు రెండూ యూఎస్‌బీ-సీ పోర్టులే. కంట్రోలర్‌తో పెట్టెలో ఇచ్చే ఛార్జింగ్ వైరు మాత్రం ఇంకో కొస మామూలు వెడల్పాటి యూఎస్‌బీ! అంటే ప్రతిసారీ వెనక్కి చెయ్యి పెట్టి గుచ్చాలి. సీ-టు-సీ వైరు ఒకటి కొనుక్కుంటే బాధ తీరిపోతుంది, ఫోన్‌ది ఉన్నా సరిపోతుంది. నిలబెట్టే స్టాండ్ విడిగా కొనాలి. పడుకోబెట్టడానికి రెండు చిన్న ప్లాస్టిక్ కాళ్లు ఇస్తారు, అవి ఊడి పెట్టె అడుగున కనబడకుండా పోతుంటాయి.

పీజీ గదుల్లో గోడ అరలో కన్సోల్ దోపేసేవాళ్లకు ఒక మాట. చుట్టూ కనీసం పది సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. గాలి వెనక నుంచి పోతుంది, ఆ వెనక గోడే ఉంటే అదే వేడి గాలి మళ్లీ లోపలికి వెళ్తుంది. బెంగళూరులో ఎండ కంటే దుమ్ము పెద్ద శత్రువు. మెట్రో పనులో, తవ్విన రోడ్డో లేని వీధి ఎక్కడుంది? మూడు నెలలకోసారి పక్క ప్యానెల్ తీయండి, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని, వాక్యూమ్‌ను తక్కువ మీద పెట్టి పీల్చేయండి. రెక్క గిర్రున తిరిగేలా గాలి కొట్టొద్దు, బేరింగ్ పోతుంది.

అంతకుమించి ఎవరినీ లోపలికి వెళ్లనివ్వకండి. పీఎస్5లో చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య మామూలు పేస్టు ఉండదు, ద్రవలోహం ఉంటుంది. "ఫుల్ సర్వీసింగ్, కొత్త పేస్టు వేస్తాం" అని ఎవరైనా అన్నారంటే వాళ్లకు ఆ సంగతి తెలియదనైనా అర్థం, తెలిసీ అంటున్నారనైనా అర్థం. ఆ లోహపు బొట్టు బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. అల్యూమినియం మీద పడితే దాన్ని తినేస్తుంది.

ఇక కంట్రోలర్. దీని పేరు డ్యుయల్‌సెన్స్. దాని స్టిక్‌లలో చిన్న నిరోధక పలకల మీద ఒక మొన గీసుకుంటూ తిరుగుతుంది. అరిగాక బొమ్మ తనంతట తనే పక్కకు జారిపోతుంది, దాన్నే డ్రిఫ్ట్ అంటారు. వారంటీ ఏడాది. ఆ తర్వాత రెండు దారులు: కొత్తది కొనడం, లేదా స్టిక్ మాడ్యూల్ మార్పించడం. మార్పించేటట్టయితే అయస్కాంతంతో పనిచేసే రకం వేయమని అడగండి, దాంట్లో అరిగే భాగం లేదు. ఒక్కో మాడ్యూల్‌కి పద్నాలుగు టంకాలు ఊడదీయాలి. చేయి తిరిగినవాడు కాకపోతే బోర్డు మీది రాగి గీతలు లేచి వచ్చేస్తాయి. బిగించాక ల్యాప్‌టాప్‌కి తగిలించి, బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ పరీక్ష పేజీ తెరిచి, స్టిక్ వదిలేస్తే చుక్క మధ్యకు వస్తోందా, అంచు చుట్టూ తిప్పితే వలయం గుండ్రంగా ఉందా అని అక్కడే చూసుకోండి. క్యాలిబ్రేషన్ (స్టిక్ మధ్య, అంచు కొలతలు సరిచేయడం) చేయకుండా చేతిలో పెట్టడం మామూలే.

డిస్కా, డిజిటలా

బెంగళూరులో ఉన్నవాడు డిస్క్ డ్రైవ్ లేనిది ఎందుకు కొనాలో మాకు అర్థం కాదు. పాత డిస్కుల మార్పిడి ఇక్కడ బాగా నడుస్తుంది. ఉదాహరణకు పాత డిస్క్ 2,500కి కొని, ఆడేసి, 2,000కి అమ్మారనుకోండి, ఆటకి పడింది అయిదు వందలు. అదే ఆట స్టోర్‌లో కొత్తగా వచ్చినప్పుడు అయిదు వేల దగ్గర ఉంటుంది, తిరిగి అమ్మలేరు. ఇంకో కారణం, పీఎస్4 డిస్కులు కూడా దీంట్లో ఆడతాయి. దాదాపు అన్ని పీఎస్4 ఆటలూ పీఎస్5లో నడుస్తున్నట్టే, పీఎస్5 ఆటలు పీఎస్6లో నడుస్తాయనే అనుకోవాలి. ఇన్ని కోట్ల మంది కొన్న లైబ్రరీని సోనీ నట్టేట ముంచదు. కాబట్టి ఇప్పుడు కొన్న ఆటలు వృథా పోయేవి కావు.

పాత డిస్క్ కొనేటప్పుడు ఒక మెలిక ఉంది. డిస్క్ ఏ దేశానిదైనా ఆడుతుంది గానీ, దానికి తర్వాత కొనే అదనపు భాగాలు మీ ఖాతా ప్రాంతానికి సరిపోవాలి. ఇండియా ఖాతాతో అమెరికా డిస్క్ ఆడుతూ స్టోర్‌లో అదనపు భాగం కొంటే, డబ్బు పోతుంది గానీ ఆటలో అది కనబడదు.

ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్

చిక్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగితే ఎలక్ట్రానిక్స్ దుకాణాల ఎస్పీ రోడ్డు నడక దూరం. కార్లో వెళ్లడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే. ఆదివారం చాలా షట్టర్లు దించే ఉంటాయి. గాంధీనగర్ నేషనల్ మార్కెట్ ఇంకో అడ్డా. వారంటీ సంగతి అడగ్గానే, "మాదే వారంటీ అన్నా, ఏమొచ్చినా ఇక్కడికే తీసుకురండి" అంటారు. ఆ మాటను బిల్లు మీద సీరియల్ నంబర్‌తో సహా రాసివ్వమనండి. రాయకపోతే ఆ వారంటీ మెట్లు దిగేదాకానే.

మొదట అడుగున స్టిక్కర్ చూడండి. ఇండియాలో అధికారికంగా అమ్మిన వాటి మోడల్ నంబర్ సీఎఫ్ఐ-1008, 1208, 2008 ఇలా 08తో వస్తుంది. 15 ఉంటే అమెరికాది, 00 ఉంటే జపాన్‌ది. బయటి పెట్టె అయినా కరెంటుకు ఇబ్బంది లేదు, పవర్ సప్లై 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, ఎనిమిది అంకె ఆకారం కొసతో ఉన్న వైరు ఒకటి మార్చుకుంటే చాలు. కానీ ఇండియా సర్వీస్ సెంటర్‌లో దానికి వారంటీ ఉండదు. ఆ మేరకు ధర తగ్గాలి.

తర్వాత మెనూ చూపించి "వర్కింగ్" అంటే ఒప్పుకోకండి. మీ సొంత ఖాతాతో అక్కడే సైన్-ఇన్ అవ్వండి, ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది. నెట్‌వర్క్ నుంచి నిషేధించిన పెట్టెలు మార్కెట్లో తిరుగుతుంటాయి, సైన్-ఇన్ చేస్తే గానీ ఆ సంగతి బయటపడదు. ఒక డిస్క్ వెంట తీసుకెళ్లి పెట్టి, తీసి, మళ్లీ పెట్టండి. బరువైన ఆట ఒకటి అరగంట నడవనివ్వండి. షాపువాడు టీ తాగుదామంటే తాగండి గానీ ఆట ఆపనివ్వకండి. ఆ అరగంటలో ఫ్యాన్ గుర్రుమంటూ పెరుగుతూనే పోతే, లేదా పెట్టె టప్పున ఆగిపోతే, నమస్కారం పెట్టి వచ్చేయండి.

హెచ్‌డీఎంఐ పోర్టులోకి ఫోన్ టార్చ్ వేసి చూడండి. పీఎస్5 రిపేర్లలో ఎక్కువగా కనబడేవాటిలో ఇదొకటి. వైరు తగిలి ఉండగానే పెట్టెను ముందుకు లాగుతారు, లోపలి పిన్నులు వంగిపోతాయి. వైరును మెల్లగా పైకీ కిందికీ కదిలిస్తే బొమ్మ మినుకుమినుకుమంటే అది పోయినట్టే. చివరగా ఆపేసి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని, ఏడు సెకన్లకు వచ్చే రెండో బీప్ విన్నాక వదిలితే సేఫ్ మోడ్ వస్తుంది. అందులో అయిదో ఎంపికలో డేటాబేస్ రీబిల్డ్ (నిల్వలో ఉన్నవాటి జాబితాను మళ్లీ కట్టడం) చేయించండి. నిల్వ చిప్‌లలో తేడా ఉంటే చాలాసార్లు ఇక్కడే ఇరుక్కుంటుంది. కంట్రోలర్‌ని వైరుతోనే తగిలించాలి, సేఫ్ మోడ్‌లో బ్లూటూత్ పనిచేయదు.

నిల్వ పెంచుకోవడం, కరెంటు

నిల్వ పెంచడానికి లోపల బిగించే కార్డు, అంటే ఎం.2 ఎస్ఎస్‌డీ, కొనేటప్పుడు నాలుగు సంగతులు: ఎన్‌వీఎంఈ నాలుగో తరం అయి ఉండాలి, సాటా రకం పనికిరాదు. చదివే వేగం సెకనుకు 5,500 ఎంబీ ఉండాలి, ఇది సోనీ చెప్పిన లెక్క. హీట్‌సింక్ తప్పనిసరి, దానితో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. పీసీ కోసం చేసిన బొద్దు హీట్‌సింక్ తెచ్చి మూత పడక వెనక్కి తిరిగి వెళ్లేవాళ్లు ఉంటారు. చౌక రకాలు కొన్ని కంప్యూటర్ మెమరీని అరువు తెచ్చుకుని పనిచేస్తాయి, ఆ సౌకర్యాన్ని పీఎస్5 ఇవ్వదు. అలాంటిది పెడితే ప్రకటించిన వేగం రాదు.

బిగించే ముందు సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, రెస్ట్ మోడ్ కాకుండా పూర్తిగా ఆపి, వైరు పీకేయండి. స్లాట్ లోపల స్క్రూ కింద చిన్న ఉంగరం లాంటి స్పేసర్ ఉంటుంది. మీ ఎస్ఎస్‌డీ పొడవుకు తగిన రంధ్రంలోకి దాన్ని మార్చాకే స్క్రూ బిగించాలి. అది మరిచిపోతే కార్డు వంగి కూర్చుంటుంది. పెట్టె వెలిగించగానే ఫార్మాట్ అడుగుతుంది, అంతే. కాకపోతే ఎస్ఎస్‌డీల ధరలూ మెమరీతో పాటే ఎగబాకాయి, 1 టీబీతో సరిపెట్టుకుని ఆటలు తీసేస్తూ వేస్తూ గడపడం ఇప్పటికి తెలివైన పని. 100 జీబీ ఆట 100 ఎంబీపీఎస్ లైన్ మీద రెండుంపావు గంటల్లో దిగుతుంది, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకు సిద్ధం.

పడుకుంటే అన్నాం గానీ, ఆ రాత్రి బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) కరెంటు తీస్తే? రెస్ట్ మోడ్‌లో అప్‌డేట్ రాస్తుండగా పోవడమే అన్నిటికంటే ప్రమాదం. ఆడుతున్నప్పుడు పీఎస్5 220 వాట్ల దాకా లాగుతుంది, టీవీకి ఇంకో 100 వేసుకోండి. కంప్యూటర్లకు వాడే 600 వీఏ చిన్న యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే, అంచు మీద నిలబడ్డట్టు ఉంటుంది. 1,000 వీఏ తీసుకోండి, ప్యూర్ సైన్ వేవ్ అని రాసి ఉన్నదే. చౌక ఇన్వర్టర్ల చతురస్రపు తరంగం ఈ పవర్ సప్లైలకు గిట్టదు, కరెంటు మారిన క్షణంలో పెట్టె ఆగిపోతుంది.

మిగతా రెండు

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మంచి పెట్టే. సమస్య కాలం. తర్వాతిది 2027కి అని చిప్ చేసేవాళ్లే చెబుతున్నారు. దాని నెల చందా గేమ్ పాస్ అల్టిమేట్ కూడా 2025 అక్టోబర్‌లో నెలకు 829 నుంచి 1,389కి ఎగిరింది, ఏడాదికి 16,668. చవకగా వందల ఆటలన్న ఆకర్షణ అక్కడే సగం పోయింది.

స్విచ్ 2ని నింటెండో ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు, ఎస్పీ రోడ్డులో కనబడేవన్నీ దిగుమతి సరుకే. అందులో జపాన్‌ది ఒకటి ఉంటుంది, కాస్త చవక. 2025లో విడుదలైనప్పుడు అక్కడ దాని ధర 49,980 యెన్లు, అన్ని భాషలదైతే 69,980 యెన్లు. ఆ చవక పెట్టెలో మెనూ జపనీస్ తప్ప ఇంకో భాషకు మారదు, జపాన్ ప్రాంతపు ఖాతా తప్ప ఒప్పుకోదు. "తర్వాత సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చన్నా" అంటే నమ్మొద్దు. సీల్ తీయించి, భాషల పట్టీలో ఇంగ్లీషు కళ్లతో చూశాకే డబ్బులివ్వండి. మెమరీ కార్డు కూడా మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ రకమే కొనాలి, మీ ఫోన్‌లోది అందులో ఆటలకు పనికిరాదు.

లెక్క

ఆగితే ధర తగ్గుతుందన్నది పీఎస్4 కాలం నాటి అలవాటు. పీఎస్5 ఇండియాలో 49,990కి మొదలై 2022 నవంబర్‌లో 54,990 అయింది, స్లిమ్ డిస్క్ మోడల్ అదే ధరతో దిగింది. అమెరికాలో 2025 ఆగస్టులో మళ్లీ యాభై డాలర్లు పెంచారు. పండగ తగ్గింపు కనబడితే అందుకోండి, శాశ్వత తగ్గింపు కోసం మాత్రం కూర్చోకండి.

పండగ ఆఫర్‌లో 50,000 పెట్టి కొని, మూడేళ్లు ఆడి, 20,000కి అమ్మారనుకుందాం. పోయింది 30,000, నెలకు 833 రూపాయలు. కోరమంగళలో ఇద్దరు ఒకసారి సినిమాకు వెళ్లొచ్చినంత. ఈ మూడేళ్లలో, ప్రకటించిన తేదీ నిలబడితే 2026 నవంబర్ 19న జీటీఏ 6 ఈ పెట్టె మీదే వస్తుంది. పీఎస్6 వచ్చిన రోజే పీఎస్5కి ఆటలు ఆగిపోతాయన్న భయం కూడా అనవసరం. 2013 నాటి పీఎస్4కి 2025లో ఫుట్‌బాల్ ఆట ఎఫ్‌సీ 26 వచ్చింది, ఆ ఏడాది కాల్ ఆఫ్ డ్యూటీ కూడా వచ్చింది.

ఆగమని చెప్పాల్సినవాళ్లు ఒక్కరే ఉన్నారు: ఇప్పటికే పీఎస్4 ప్రో ఉండి, ఏడాదికి ఒకటో రెండో ఆటలు ఆడి, ఆ ఎఫ్‌సీతోనే తృప్తి పడేవాళ్లు. మిగతావాళ్లు శనివారం పొద్దున్నే, ఎస్పీ రోడ్డు నిండకముందే వెళ్లండి. సంచిలో ఒక డిస్క్, సీ-టు-సీ వైరు, ఫోన్‌లో కనీసం సగం ఛార్జింగ్.